వీపు లేని మైసమ్మ

"పొద్దు యాడికొచ్చింది?"

లాకప్‌లో ఉన్న మనిషి అడిగిన మొదటి మాట అది. లాయరు సంగతి అడగలేదు, ఇంటికి ఎప్పుడు పంపుతారనీ అడగలేదు. పొద్దు ఎక్కడికొచ్చిందని అడిగాడు.

షాజియా చేతి గడియారం చూసుకుంది. రెండు గంటల పది నిమిషాలు.

"రెండు దాటిందన్నా," అంది.

బయన్న తలాడించి మళ్ళీ గోడకు ఒరిగాడు. యాభై ఏళ్ల చెంచు మనిషి. సన్నటి ఒళ్ళు. రెండు అరచేతుల్లోనూ తాడు కోసిన పాత గీతలు. పొద్దున తొమ్మిదిన్నరకు తెచ్చి పడేశారు. అప్పటినుంచి ఈ ప్రశ్న నాలుగుసార్లు అడిగాడని సెంట్రీ చెప్పాడు. అన్నం పళ్ళెం అట్లాగే ఉంది.

షాజియా పోలీసు కాదు. వనపర్తిలో ఉంటూ ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున దర్యాప్తులు చేస్తుంది. కాలిన పత్తి గోదాములు, మునిగిన పడవలు, పోయాయని చెప్పి బావమరిది పొలంలో దాచిన ట్రాక్టర్లు, అన్నీ చూసింది. ఈసారి పోయింది దేవత.

ఎనభై ఐదేళ్ల కింద ఒక తెల్లదొర నల్లమలకు వచ్చి, చెంచుల తేనె మైసమ్మను మూటగట్టుకుని పోయాడు. జానెడున్నర ఏగిస కర్ర బొమ్మ. సముద్రం అవతల ఒక మ్యూజియంలో అద్దం వెనక నిలబెట్టారు. ఇన్నేళ్లకు వాళ్లకే సిగ్గేసింది, వెనక్కి పంపారు. నిన్న పొద్దున గద్వాలలో సభ జరిగింది. చెంచులు గద్వాలలో ఉంటారా అంటే ఉండరు. సభలు పెట్టేవాళ్ళు ఉంటారు. పన్నెండుంపావుకు బొమ్మతో వ్యాన్ గద్వాలలో బయలుదేరింది. సాయంత్రం ఐదు నలభైకి ఇక్కడికి, అడవి అంచున ఉన్న మన్ననూర్‌కు చేరింది. చెంచుల తరఫున బయన్న అందులోనే వచ్చాడు. ఇవాళ పొద్దున ఎనిమిదిన్నరకు చూస్తే ఇక్కడి హాల్లో అద్దాల పెట్టెలో ఉన్నది నకిలీ.

నాలుగున్నరకు బయన్నను జీపెక్కించి నాగర్‌కర్నూల్‌లో జడ్జి ముందు నిలబెడతారు. రిమాండ్ పడితే అతనికి పూచీ నిలబడేవాడు లేడు. ఇంకో పదకొండు వస్తువులు పంపాల్సిన మ్యూజియం చేతులు ముడుచుకుంటుంది. దొంగలకు ఇవ్వబోయి ఆగామని చెప్పుకుంటుంది.

"నీ గుడిసె ముందర ఏగిస పొట్టు దొరికిందట. నీదేనా?"

"నాదే."

"నకిలీ బొమ్మ నువ్వే చెక్కినవా?"

జవాబు రాలేదు. అసలు బొమ్మ ఎక్కడుందని అడిగింది. రాలేదు. ఎవరికి అమ్మావని అడిగితే మాత్రం తల ఎత్తి, ఆ మాట ఆడది అన్నందుకు ఊరుకుంటున్నట్టు చూశాడు.

ఆమె దారి మార్చింది. చేతుల మీది గీతలేమిటని అడిగింది. దానికి నోరు తెరిచాడు. కొండ అంచున తాడు కట్టి తేనెకు దిగుతాడట. ముప్పై ఏళ్లుగా దిగుతున్నాడట. పైన తాడు పట్టేది ఎప్పుడూ పెళ్ళాం తమ్ముడే. సొంత అన్నదమ్ముడు పట్టరాదు.

"ఎందుకట్ల?"

"అన్నదమ్మునికి పగుంటే ఇడిసిపెడ్తడు. బామ్మర్ది ఇడిసిపెట్టడు. అక్క ముండమోస్తదిగద."

"మరి తాడే తెగితే?"

బయన్న అరచేతి గీతల వైపు చూసుకున్నాడు. "కూత పెడ్తరు. తాడు కూత. అది ఇనబడ్తే ఎవ్వరైన సరే, చేతులున్నది యాడిదాడ ఇడిసిపెట్టి ఉరుకాల. పాలిచ్చే తల్లి గూడ బిడ్డను కింద పెట్టి ఉరుకుతది. ఉత్తగ ఎవ్వడు పెట్టడు. పెట్టినోనికి మల్ల తాడు పట్టేటోడు దొరకడు."

"నువ్వెప్పుడన్న పెట్టినవా?"

"ఒక్కపారి. మా నాయనకు."

ఇంట్లో ఎవరెవరున్నారని అడిగింది. తల్లి చంద్రమ్మ, కూతురు లావణ్య. లావణ్య బిడ్డకు ఎనిమిదో నెల. ఆ మాట చెప్పినప్పుడు మనిషి కొంచెం మెత్తబడ్డాడు.

"నీ తాడు పట్టే బామ్మర్ది పేరేంది?"

"కురుమూర్తి."

"యాడున్నడు? పొద్దటిసంది నిన్ను చూడ రాలేదేంది?"

బయన్న మొహం తలుపేసినట్టు మూసుకుపోయింది. షాజియా వెనక్కి తిరిగి స్టేషన్ వరండా చూసింది. ఖాళీ. ఒక చెంచును పట్టుకొస్తే పెంట అనే వాళ్ల గూడెం మొత్తం వచ్చి స్టేషన్ ముందు కూర్చుంటుంది. వాళ్లకున్న బలం ఆ కూర్చోవడమే. ఇవాళ ఒక్క ముసలమ్మ లేదు, ఒక్క ఏడుపు లేదు. తొమ్మిదిన్నర నుంచి ఒక్కరూ రాలేదు.

వాళ్ళంతా ఎక్కడున్నారు?

* * *

సీఐ గణేష్ బొమ్మ ఉన్న హాలు దగ్గర ఎదురయ్యాడు. చేతిలో చాయ్ గ్లాసు. కేసు అయిపోయిన మనిషిలా నవ్వాడు.

"రండి మేడం. క్లెయిమ్ ఎగ్గొట్టే సందు ఏమన్న దొరికిందా?"

"మీకు దొంగ దొరికిండు గద సార్, సొమ్ము దొరకలే. సగం పనికే చాయ్ తాగుతున్నరు."

సీఐ లెక్క చాలా తేలిక. గద్వాల నుంచి మన్ననూరుకు దారిలో ఆగుతూ వచ్చినా నాలుగున్నర గంటలు చాలు. వ్యాన్‌కు ఐదు గంటల ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. పెబ్బేరు దాటాక వనపర్తి రోడ్డు వదిలి వీపనగండ్లలో యాభై నిమిషాలు ఆగింది. అక్కడ ఒక బేరగాడు కాచుకుని ఉన్నాడు, బయన్న నకిలీ పెట్టి అసలు ఇచ్చాడు. అంతే కథ.

షాజియా దానికోసం పొద్దుటే డ్రైవర్ తిరుపతిని ఫోన్‌లో నిలదీసింది. అతను మొదట టైరు పంక్చరన్నాడు. ఏ షాపులో వేయించావంటే నీళ్లు నమిలాడు. చివరికి చెప్పాడు: వీపనగండ్లలో చెల్లెలి ఇల్లుంది, అన్నానికి పోయాడు. ఎస్కార్ట్ కానిస్టేబుల్ ఆ యాభై నిమిషాలూ వ్యాన్‌లోనే, బొమ్మను సర్దిన చెక్కపెట్టె మీదే కూర్చుని తిన్నాడు. గిన్నె జారి పులుసు ఒలికింది. షాజియా వ్యాన్ చూసింది. పులుసు మరక పెట్టె మూత మీద ఎండిపోయి ఉంది, మూత చుట్టూ అంటించిన కాగితం మీదుగా కూడా కారింది. ఆ కాగితం మన్ననూర్‌లో అందరి ముందు చింపారు. మరక, చింపు రెండూ సరిగ్గా కలుస్తున్నాయి. దారిలో పెట్టె ఎవరూ తెరవలేదు.

"అంటే మార్పిడి ఈడనే అయ్యింది సార్. ఐదు నలభై తర్వాత."

"ఈడ నా మనుషులు పదకొండు మంది ఉండిరి మేడం."

"ఉండిరి. ఏం చేస్తుండిరో చూద్దాం."

హాలు లోపల వారసత్వ పరిషత్ కార్యదర్శి ఉపేందర్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. మ్యూజియంతో ఉత్తరాలు నడిపింది, సభ పెట్టించింది, కొత్త అద్దాల పెట్టె చేయించింది అతనే. మైసమ్మ అసలు చోటు ఎనిమిది కిలోమీటర్ల లోపల తేనెబండ. అది పులుల అడవి, జనానికి ప్రవేశం లేదు. అందుకే దేవత ఇక ఎప్పటికీ ఇక్కడే, ఏసీలో, టూరిస్టులు చూసే చోట ఉంటుందని గర్వంగా చెప్పాడు.

"అంటే ఆ అద్దంల నుంచి తీసి ఈ అద్దంల పెట్టిన్రు," అంది షాజియా. "చెంచులు ఒప్పుకున్నరా?"

"వాళ్లకు వివరంగా చెప్పినం మేడం."

చెప్పడం వేరు, అడగడం వేరు. ఉపేందర్ లాంటి వాళ్లకు ఆ తేడా పుట్టుకతోనే తెలియదు.

ఆమె అద్దాల పెట్టె తెరిపించింది. బొమ్మ ముందువైపు చూస్తే ఎవరైనా మోసపోతారు. నెత్తి మీద తేనె పోసే గుంట, అక్కడినుంచి ముక్కు పక్కగా పాదాల దాకా కారే గాడి, బొడ్డు దగ్గర చిన్న పగులు కూడా అచ్చం. తిప్పి చూసింది. వీపు నున్నగా ఉంది. ఏమీ లేదు. ఇన్సూరెన్స్ ఫైల్లో అసలు బొమ్మ వీపు ఫోటో ఉంది. అక్కడ జడ, జడలో మూడు తేనెటీగలు.

"బేరగాళ్ళు చేయిస్తే వీపు ఇడిసిపెడ్తరా?" అంది. "నాలుగు దిక్కులు ఫోటోలు తెప్పించి చేయిస్తరు. ఇది చెక్కినోడు ముందర దిక్కు ఒక్కటే చూసిండు." గోడకు కట్టిన ఫ్లెక్సీ వైపు చెయ్యి చూపింది. నెల రోజులుగా ఊరంతా అదే ఫ్లెక్సీ. దాని మీద మైసమ్మ ముందువైపు ఫోటో, మనిషంత ఎత్తు. బొడ్డు దగ్గర పగులుతో సహా.

బొమ్మ కింద పరిచిన తెల్లగుడ్డ మీద నీలం కలిసిన పసుపు మరక ఉంది. కొత్త ఏగిసను తడిపితే అట్లాగే రంగు దిగుతుంది. ఈ పెట్టెలోకి వచ్చేటప్పటికే ఈ బొమ్మ తడిసి ఉంది.

"నిన్న దీన్ని ఎవరన్నా కడిగిన్రా?"

ఉపేందర్ ఫోన్ తీసి ఫోటోలు చూపించాడు. మైసమ్మ వచ్చీరాగానే ఆడవాళ్లు కడగాలి, పసుపు పెట్టాలి, తేనె రాయాలి. అది మగవాళ్లు చూడరాదు. ఫోటోలో చీరలు పట్టుకుని ఆడవాళ్లు గుండ్రంగా నిలబడ్డారు. చుట్టూ మగవాళ్ళు, ఉపేందర్, పదకొండు మంది పోలీసులు, అందరివీ వీపులే. ఐదు నలభై ఐదు నుంచి ఆరు ఐదు దాకా. వలయంలోకి పోయేముందు చంద్రమ్మ నెత్తి మీద ఇప్పపూల గంప. వచ్చాక కూడా నెత్తి మీద అదే గంప, నిండుగా.

"ఇప్పపూలు మైసమ్మకు పోయనీకె తెచ్చిన్రు గద," అంది షాజియా. "పోసినంక గంప ఖాళీ కావాలె. మల్ల నిండుగ ఎట్ల పోయింది? ఇరవై నిమిషాలు మీరంతా అటు దిక్కు తిరిగి నిలబడ్డరు సార్. వాళ్ల దేవతను వాళ్లే తీస్కపోయిన్రు."

గణేష్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. మొహంలో నవ్వు పోయింది. ఒక నిమిషం తర్వాత మళ్ళీ వచ్చింది, ఈసారి వేరే రకంగా.

"మంచిగ చెప్పిన్రు మేడం. ఒక్కడు కాదు, పెంటంతా దొంగలే అన్నమాట. అందరిని తెస్త."

"తమ ఇంట్ల సొమ్ము తాము తీస్కుంటే దొంగతనమెట్లయితది?"

"ఆస్తి ఇంకా పరిషత్ పేరు మీదుంది. నేను కాయితం చూస్త. మీరు గూడ కాయితాల మనిషే, నాకు నీతులు చెప్పకుండ్రి."

అతను కానిస్టేబుళ్లకు ఫోన్ కలిపాడు. షాజియా వాదించలేదు. ఆమె కళ్ళు పెట్టె అడుగున ఆగాయి.

చీమలు. గోడ పగుల్లోంచి ఒక వరస, పెట్టె మూలలోంచి లోపలికి, నకిలీ బొమ్మ నెత్తి మీది గుంటలోకి. నిన్న రాసిన తేనె కోసం. బలంగా, హాయిగా తిరుగుతున్నాయి.

ఆమెకు చీమలతో పేచీ లేదు. ఫైల్లో చదివిన ఒక్క వాక్యం గుర్తొచ్చింది: ఎనభై ఐదేళ్లలో ఈ వస్తువును ఒక్క పురుగూ ముట్టలేదు. తేనె పీల్చిన కర్రను పురుగు ముట్టకపోవడమేంటి?

"గద్వాల ఫోటోలు చూపెట్టు," అంది ఉపేందర్‌తో.

చూపించాడు. వేదిక మీద ఏడుగురు పెద్దమనుషులు. నడుమ మైసమ్మ. ఏడుగురి చేతులకూ తెల్లటి తొడుగులు. ఉపేందర్ చేతులకు కూడా. మన్ననూర్ ఫోటోకు మళ్ళీ వచ్చింది. ఆడవాళ్ల చేతులకు గాజులు తప్ప ఏమీ లేవు.

"ఈళ్లకు తొడుగులు ఎందుకియ్యలే?"

"అది... మ్యూజియం పద్ధతి మేడం. చెమట తగిలితే కర్ర పాడైతదని. ఈళ్లది ఈళ్ల దేవతే గద."

అంటూనే ఫోన్ జేబులో పెట్టుకోబోయాడు. షాజియా హైదరాబాద్‌లోని కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేసింది. ఫైలు చివర ఉండాల్సిన అనుబంధం తన కాపీలో లేదు, వెంటనే పంపమంది. మూడు గంటల యాభై రెండు నిమిషాలకు వచ్చింది. రెండు పేజీల ఇంగ్లీషు. ఆమె నిలబడి చదివింది, తర్వాత తెలుగులో గట్టిగా చదివింది.

"1941లో పురుగు పట్టకుండ ఈ వస్తువుకు ఆర్సెనిక్ పట్టించినారు. కర్ర లోపలిదాక ఇంకింది. వట్టి చేతులతో ముట్టరాదు. తడపరాదు. దీనికి తగిలిన ఏ పదార్థమూ నోట్లోకి పోరాదు. పిల్లలను దగ్గరికి రానియ్యరాదు. తీసుకునే సమాజానికి ఈ సంగతి వాళ్ల భాషలో చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి."

ఉపేందర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఆర్సెనిక్ అంటే పాషాణం సార్," అంది గణేష్‌తో. తర్వాత ఉపేందర్ వైపు తిరిగింది. "ఇది నువ్వు చదివినవు. చదివినవు కాబట్టే తొడుగులేసుకున్నవు."

"చదివి వినిపిస్తే సభ జరుగుతుండెనా మేడం? ఎవరొస్తరు? ఎట్లా అద్దంలనే ఉంటది గద, ఎవరు ముడ్తరు అనుకున్న."

గణేష్ అతని కాలర్ పట్టుకున్నాడు. షాజియా ఆగమంది. అది తర్వాత. పొద్దున నుంచి ఒక మనిషి లాకప్‌లో కూర్చుని పొద్దు ఎక్కడికొచ్చిందని ఎందుకు అడుగుతున్నాడో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. ఆయన దేనికోసమో కాచుకుని ఉన్నాడు. పెంటంతా ఎక్కడుందో అక్కడే అది జరగబోతోంది.

* * *

నాలుగు గంటల నాలుగు నిమిషాలు. లాకప్ ఊచలు పట్టుకుని ఆమె సూటిగా అడిగింది.

"మైసమ్మ తేనెబండ మీద ఉన్నది. నాకు తెల్సు. ఈ పొద్దు ఆడ ఏం చేస్తరు?"

బయన్న గోడ వైపు తిరిగాడు. గణేష్ ముందుకొచ్చాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నా, నీ ఒట్టు నువ్వు నిలుపుకో. నేను చెప్పేది ఇను. ఆ దొరలు మైసమ్మకు పాషాణం పట్టించిన్రు. పురుగు పట్టకుండ. కర్ర లోపట ఉన్నది. కడిగితే దిగుతది. తేనె పోస్తే తేనెల దిగుతది."

అతను నమ్మలేదు. దేవతకు విషమేమిటన్నట్టు చూశాడు. ఆమె అడిగింది: నిన్న కడిగినంక మీ అమ్మ చేతులు ఎట్లున్నయి?

బయన్న పెదాలు కదిలాయి. మంట అన్నదట. పొద్దున నీళ్ల కుండ పట్టుకోలేకపోయిందట. పసుపు పడలేదేమో అనుకున్నారట.

అప్పుడు చెప్పాడు. గబగబా, ఊపిరి తీసుకోకుండా. పొద్దు తేనెబండ అంచు మీదికి వాలినప్పుడు మైసమ్మ నెత్తి మీద కొత్త తేనె పోస్తారు. పాదాల దగ్గర కారేది దొప్పలో పట్టుకుంటారు. ఆ తేనె పిల్లల నాలుక మీద పెట్టిందాకా మైసమ్మ తన చోట కూర్చున్నట్టు కాదు. పెట్టాక ఇంకెవ్వరూ కదిలించలేరు, పోలీసులొచ్చినా, కోర్టు వచ్చినా. అందుకే ఆ పొద్దు దాకా ఏమీ చెప్పనని తల్లికి మాటిచ్చాడు. జైలుకైనా పోతానన్నాడు.

"పోసేదాక తుడుము కొడ్తనే ఉంటరు. పోస్తరు, తుడుము ఆపుతరు. మొదటి బొట్టు..." అతను ఊచల్లోంచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మొదటి బొట్టు పెంటల అందరికన్న చిన్న బిడ్డకు. మా లావణ్య బిడ్డకు."

గణేష్ సెంట్రీ దగ్గర తాళంచెవి గుంజుకున్నాడు. రిమాండ్ కాగితాలు బల్ల మీదే ఉండిపోయాయి. ఈ ఒక్క పని ఆయన ఆలోచించకుండా చేశాడు, అందుకు షాజియా తర్వాత కూడా ఆయనను గౌరవించింది. వెంట తెచ్చిన ఉపేందర్‌ను లాకప్‌లోకి నెట్టి అదే తాళం వేశాడు. సెంట్రీ అలవాటుకొద్దీ బయన్నకు సంకెళ్లు వేసి జీపెక్కించాడు. పెంటలో ఉన్న ఒకే ఒక్క ఫోన్ కురుమూర్తిది. లోపల సిగ్నల్ లేదు. 108కు చెప్పారు. అచ్చంపేట నుంచి రావాలి.

జీపు అడవి గేటు దాటేసరికి నాలుగు ఇరవై ఒకటి. ఐదు కిలోమీటర్లు బండి దారి. ఆ తర్వాత వాగు, రాళ్ళు. నాలుగు నలభైకి జీపు ఆగిపోయింది. ముందుకు పోదు. ఇంకా మూడు కిలోమీటర్లు, అంతా ఎక్కుడే. పరుగెత్తినా అరగంట.

పొద్దు తేనెబండ అంచుకు వేలెడు ఎత్తున కూడా లేదు.

తుడుము వినిపిస్తోంది. దూరంగా, లోయ మీదుగా, ఆగకుండా.

గణేష్ గాలిలోకి కాలుద్దామని పిస్తోలు తీశాడు. బయన్న వద్దన్నాడు. తుపాకీ మోత వింటే పోలీసులొచ్చారని ఇంకా తొందరపడి పోసేస్తారు. తొందరపడి బిడ్డ నోట్లో పెట్టేస్తారు.

"మరి నీ మాట ఆడికి ఇనబడ్తదా?" అన్నాడు గణేష్.

"మాట ఇనబడదు."

అతను పక్కనున్న బండ ఎక్కాడు. సంకెళ్లు ఇంకా చేతులకే ఉన్నాయి, తీయడం ఎవరికీ గుర్తు రాలేదు. షాజియాకు అతను ఏం చేయబోతున్నాడో తెలిసింది. ఉత్తగా పెట్టినవాడికి మళ్ళీ తాడు పట్టేవాడు దొరకడు. ముప్పై ఏళ్ల బతుకు. ఆమె ఆపలేదు. ఎట్లా ఆపుతుంది.

బయన్న రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి తాడు కూత పెట్టాడు.

అది మనిషి గొంతులా లేదు. ఒక్క పొడుగాటి కేక, చివర రెండుసార్లు విరిగింది. లోయ దాన్ని తీసుకుని అవతలి కొండకు కొట్టింది. అక్కడినుంచి మళ్ళీ వచ్చింది. అతను ఊపిరి తీసుకుని ఇంకోసారి పెట్టాడు. మూడోసారి గొంతు చీలింది.

తుడుము ఆగింది.

గణేష్ "ఇన్నరు," అన్నాడు. షాజియా పొద్దు వైపు చూసింది. మాట్లాడుతూ ఉండగానే అది జారింది. తేనెబండ అంచు దాని కింది గీతను తాకుతూ ఉంది.

తేనె పోశాక కూడా తుడుము ఆపుతారు.

"అన్నా," అంది. "ఎందుకాగింది?"

బయన్న సంకెళ్ల చేతులు ముందుకు పట్టుకుని, అప్పటికే ఎక్కుడు దారిలో ఉరుకుతున్నాడు.